అక్రోటు మంచి ఆహారమే, మందు మాత్రం కాదు



ఒకప్పుడు రోగిని చూడడానికి వచ్చేవారు బత్తాయిలు, బ్రెడ్డు ప్యాకెట్టు తెచ్చేవారు. ఇప్పుడు వాటి పక్కన డ్రైఫ్రూట్సు డబ్బాలు కూడా చేరాయి. అందులో ఎక్కువగా కనబడేది అక్రోటు. కొందరు వాల్‌నట్ అంటారు, పేరు ఏదైనా పప్పు ఒకటే. దాని గురించి మమ్మల్ని రెండు ప్రశ్నలు తరచుగా అడుగుతున్నారు. "సిస్టరుగారూ, రోజుకు ఎన్ని తినాలి?" అన్నది మొదటిది. ఈ ప్రశ్న వింటే మాకు సంతోషం. "ఇవి తింటున్నాం కదా, కొలెస్ట్రాల్ మాత్ర మానేయవచ్చా?" అన్నది రెండోది. ఇది వింటే మాత్రం మాకు భయం. ఈ రెండింటికీ జవాబు చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాము.

ఎక్కడిదీ పప్పు?

అక్రోటు చెట్టు మన వేడి ప్రాంతాల్లో కాపు కాయదు. దానికి చలికాలపు గట్టి చలి కావాలి. మన దేశంలో ముఖ్యంగా జమ్ము కాశ్మీరులో పండుతుంది. అక్కడ సెప్టెంబరు నెలలో కాయ కోతకు వస్తుంది. చెట్లు చాలా ఎత్తు. మనుషులు పైకి ఎక్కి పొడవాటి కర్రలతో కొట్టి కాయలు రాలుస్తారు. ఏటా కొందరు జారిపడి వెన్నెముక దెబ్బతిని మంచాన పడుతుంటారు, ప్రాణాలు పోగొట్టుకునేవారూ ఉన్నారు. మన చేతికి వచ్చే పప్పు వెనుక అంత కష్టం ఉంది. కాలిఫోర్నియా, చిలీ దేశపు అక్రోట్లు కూడా మన బజారులో దొరుకుతున్నాయి. హైదరాబాదు బేగంబజారు నుండి చిన్న ఊళ్ల కిరాణా కొట్ల దాకా ఇవి వస్తున్నాయి.

బైబిలు చదివే మనకు ఈ చెట్టు కొత్తది కాదు. పరమగీతము 6వ అధ్యాయములో అక్షోట వృక్షముల తోట ప్రస్తావన ఉంది. ఆ అక్షోటమే అక్రోటు.

పప్పులో ఏముంది?

పెంకు తీసిన అక్రోటు పప్పు రెండు బద్దలుగా విడుతుంది. అటువంటి 14 బద్దలు, అంటే 7 కాయల పప్పు, సుమారు 28 గ్రాములు తూగుతుంది. అందులో ఉండేవి ఇవి:

- శక్తి సుమారు 185 క్యాలరీలు. దాదాపు మూడు చిన్న ఇడ్లీలకు సమానం.
- మాంసకృత్తులు సుమారు 4 గ్రాములు. ఒక కోడిగుడ్డులో 6 గ్రాములు ఉంటాయి.
- కొవ్వు సుమారు 18 గ్రాములు. ఇందులో ఎక్కువ భాగం గుండెకు మేలు చేసే రకం.
- పీచు సుమారు 2 గ్రాములు.
- ఒమేగా-3 రకం కొవ్వు సుమారు 2.5 గ్రాములు.
- వీటితోపాటు మెగ్నీషియం, రాగి, మాంగనీసు వంటి ఖనిజాలు.

ఈ జాబితాలో అక్రోటు ప్రత్యేకత ఒమేగా-3 కొవ్వు. మనం మామూలుగా తినే పల్లీలు, జీడిపప్పు, బాదంపప్పుల్లో ఇది దాదాపు లేదనే చెప్పాలి. ఈ రకం ఒమేగా-3 మగవారికి రోజుకు 1.6 గ్రాములు, ఆడవారికి 1.1 గ్రాములు సరిపోతుందని లెక్క. పప్పు మీద ఉండే పలుచని గోధుమరంగు పొర కొంచెం వగరుగా, చేదుగా ఉంటుంది. చాలామంది దాన్ని గీకి పారేస్తారు. అలా చేయకండి. మేలు చేసే పదార్థాలు చాలావరకు ఆ పొరలోనే ఉన్నాయి.

లేనివి కూడా చెప్పుకోవాలి. అక్రోటులో విటమిన్ బి12 లేదు. ఇనుము ఉన్నా తక్కువే. 28 గ్రాములకు ఒక మిల్లీగ్రాము కూడా రాదు. కాబట్టి రక్తహీనత ఉన్న గర్భిణీ స్త్రీ అక్రోట్లు తింటున్నానని ఐరన్ మాత్రలు మానకూడదు.

గుండెకు మేలు ఎంత?

అక్రోటు గుండెకు మంచిదన్న మాట ఊరికే పుట్టలేదు. అమెరికాలో సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం వారి లోమా లిండా విశ్వవిద్యాలయంలో చేసిన ఒక పరిశోధన 1993లో వెలువడింది. ఆరోగ్యంగా ఉన్న 18 మంది మగవారికి నాలుగు వారాలు మామూలు మంచి భోజనం, నాలుగు వారాలు అక్రోట్లు కలిపిన భోజనం పెట్టారు. అక్రోట్లు తిన్న వారాల్లో, ఎల్.డి.ఎల్. అనే చెడు కొలెస్ట్రాలు మామూలు భోజనంతో పోలిస్తే సుమారు 16 శాతం తక్కువగా ఉంది. ఇక్కడ ఒక విషయం గమనించండి. వారికి అక్రోట్లు అదనంగా పెట్టలేదు. భోజనంలో వేరే కొవ్వు పదార్థాలు తగ్గించి, వాటికి బదులుగా పెట్టారు. మొత్తం క్యాలరీలు పెరగలేదు.

స్పెయిన్ దేశంలో గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 7,447 మందిని దాదాపు ఐదేళ్లు గమనించారు. ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. లోపాలు సరిచూసి 2018లో మళ్లీ ప్రకటించారు. కూరగాయలు, పప్పుధాన్యాలు, చేపలు ఉన్న భోజనంతోపాటు రోజుకు 30 గ్రాముల గింజపప్పులు తిన్నవారిలో గుండెపోటు, పక్షవాతం వంటివి దాదాపు 30 శాతం తక్కువగా వచ్చాయి. ఆ 30 గ్రాములలో సగం అక్రోటు. అయితే ఇది ఒక్క అక్రోటు చేసిన పని కాదు, మొత్తం భోజనం మారినందువల్ల వచ్చిన ఫలం.

ఇంకా పెద్ద వయసు వారి మీద, 700 మందికి పైగా, బార్సిలోనా నగరంలోను లోమా లిండాలోను రెండేళ్లపాటు పరిశోధన చేశారు. 2021లో ప్రకటించిన ఆ ఫలితం ప్రకారం, రోజూ అక్రోట్లు తిన్నవారికి చెడు కొలెస్ట్రాలు సగటున 4 పాయింట్లు తగ్గింది. ఇది మేలే. కాని ఎంత మేలో లెక్క వేసి చూద్దాం. మీ ఎల్.డి.ఎల్. 160 ఉందనుకోండి. అక్రోట్ల వల్ల అది 156 అవుతుంది. డాక్టరుగారు రాసే కొలెస్ట్రాల్ మాత్ర సాధారణంగా 30 శాతమైనా తగ్గిస్తుంది, అంటే 48 పాయింట్లు. అప్పుడు అది 112కు దిగుతుంది. నాలుగు ఎక్కడ, నలభై ఎనిమిది ఎక్కడ!

ఈ లెక్క మా రోగులందరికీ తెలియాలని మా కోరిక. స్టెంటు వేయించుకొని ఇంటికి వెళ్లిన ఒక పెద్దాయనకు విదేశంలో ఉన్న కుమార్తె ప్రేమతో కిలోల కొద్దీ అక్రోట్లు పంపింది. ఎవరో చెప్పిన మాట విని ఆయన మూడు నెలలు కొలెస్ట్రాల్ మాత్ర మానేసి, పొద్దున్నే గుప్పెడు అక్రోట్లు తిన్నారు. పరీక్షకు వచ్చేసరికి కొలెస్ట్రాలు ఆసుపత్రిలో చేరినప్పటి స్థాయికి తిరిగి వెళ్లిపోయింది. దేవుని దయవల్ల మరో గుండెపోటు రాకముందే ఆ సంగతి బయటపడింది. స్టెంటు ఉన్నవారు రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర ఇలా మానేస్తే ప్రాణానికే ముప్పు. కూతురి ప్రేమలో తప్పు లేదు, అక్రోటులోనూ తప్పు లేదు. మాత్ర స్థానంలో దాన్ని పెట్టడమే తప్పు.

ఈ గీత ఎక్కడ గీయాలో ప్రభుత్వాలకు కూడా తెలుసు. 2004లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, రోజుకు ఒకటిన్నర ఔన్సు (సుమారు 42 గ్రాములు) అక్రోట్లు తగిన భోజనంలో భాగంగా తింటే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని ప్యాకెట్ల మీద రాసుకోనిచ్చింది. అయితే ఇందుకు ఆధారాలు ఉన్నా అవి పూర్తిగా రుజువు కాలేదన్న మాట కూడా రాయాలని షరతు పెట్టింది. 2010లో ఒక కంపెనీ జబ్బుల పేర్లు చెప్పి అక్రోట్లు అమ్ముతుంటే, అలాంటి ప్రచారంతో అమ్మే సరుకును మందుగా లెక్కించవలసి వస్తుందని అదే సంస్థ హెచ్చరించింది.

మెదడులా ఉంటుంది కాబట్టి మెదడుకు మంచిదా?

అక్రోటు బద్ద చూడడానికి మెదడులా ఉంటుంది. అందుకని పరీక్షలకు చదివే పిల్లలకు, మతిమరుపు వచ్చిన పెద్దలకు దీన్ని తప్పకుండా పెట్టాలంటారు. ఆకారం చూసి గుణం చెప్పలేము. ఇందాక చెప్పిన రెండేళ్ల పరిశోధనలోనే జ్ఞాపకశక్తిని కూడా పరీక్షించారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో, అక్రోట్లు తిన్నవారికీ తిననివారికీ మొత్తం మీద తేడా కనబడలేదని 2020లో ప్రకటించారు. పిల్లవాడికి పెడితే మంచి పలహారమే. కాని మార్కులు చదువు వల్ల, కంటినిండా నిద్ర వల్ల వస్తాయి. ఇంట్లో పెద్దవారికి మతిమరుపు పెరుగుతుంటే అక్రోట్లతో కాలం గడపకుండా డాక్టరుగారికి చూపించండి. థైరాయిడు లోపం, బి12 లోపం వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వాటికి చికిత్స ఉంది.

షుగరు ఉన్నవారు తినవచ్చా?

తినవచ్చు. పిండిపదార్థం తక్కువ, పీచు, కొవ్వు ఎక్కువ కాబట్టి తిన్న వెంటనే షుగరు పెద్దగా పెరగదు. సాయంత్రం బజ్జీ, మిక్చరు, బిస్కట్లు తినే అలవాటు ఉన్నవారు వాటికి బదులుగా నాలుగైదు బద్దలు తింటే చాలా మంచిది. కాని బజ్జీలూ తిని, మంచిదని అక్రోట్లూ తింటే బరువు పెరుగుతారు. తేనెలో నానబెట్టినవి, బెల్లం పాకం, చాక్లెట్టు పూసినవి షుగరువారికి తగవు. ఉప్పు చల్లినవి బి.పి. వారికి తగవు.

ఎన్ని తినాలి? ఎలా తినాలి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, 2,000 క్యాలరీల భోజనంలో అన్ని రకాల గింజపప్పులు, నూనెగింజలు కలిపి రోజుకు 35 గ్రాములు ఉండాలి. ఇడ్లీలోకి చేసిన పల్లీ చట్నీ, నువ్వుల పొడి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. కాబట్టి మన ఇళ్లలో రోజుకు 6 నుండి 8 అక్రోటు బద్దలు తింటే చాలు. అందులో ఒమేగా-3 కూడా ఆ పూటకు సరిపడా వస్తుంది.

రాత్రి నానబెట్టి ఉదయం తింటే వగరు తగ్గుతుంది, నమలడం తేలిక. పళ్లు లేని పెద్దవారికి ఇది బాగుంటుంది. నానబెట్టకుండా తిన్నా నష్టం లేదు. పరగడుపున తింటేనే పనిచేస్తుందన్నది అపోహ. నూనెలో వేయించవద్దు. పెరుగన్నంలో, జావలో, పండ్ల ముక్కల్లో కలుపుకొని తినవచ్చు.

కొనేటప్పుడు పప్పు విరిచి వాసన చూడండి. పాత నూనె వాసన, రంగు డబ్బా వాసన వస్తే ముక్కిపోయిందన్నమాట. అది కొనవద్దు, ఇంట్లో ఉన్నా తినవద్దు. నల్లబడినవి, బూజు పట్టినవి ఏరి పారేయండి. ఈ పప్పులోని కొవ్వు వేడికి, వెలుతురుకు త్వరగా చెడిపోతుంది. మన ఎండల్లో అల్మారాలో నిలవ ఉండదు. కొద్దికొద్దిగా కొని, గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

ఐదేళ్లలోపు పిల్లలు: అక్రోటైనా, పల్లీ అయినా, బఠానీ అయినా గింజగా ఇవ్వకండి. నవ్వుతూ, పరుగెత్తుతూ తినేటప్పుడు అది ఊపిరి గొట్టంలోకి పోతుంది. మెత్తగా పొడి చేసి జావలో కలిపి పెట్టండి. ఒకవేళ పొలమారితే, బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. నోట్లో కనబడని వస్తువు కోసం వేళ్లు పెట్టి కెలకకండి, అది ఇంకా లోపలికి పోతుంది. దగ్గలేక, ఏడవలేక నీలబడుతుంటే వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా తట్టుతూ వెంటనే ఆసుపత్రికి తరలించండి. ఆ పూటకు తగ్గిపోయినట్లు కనిపించి, తర్వాత రోజుల్లో దగ్గు, పిల్లికూతలు విడవకుండా ఉంటే "గింజ తింటూ పొలమారాడు" అన్న సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి. ఆ ఒక్క మాటతో జబ్బు తెలిసిపోతుంది.

థైరాయిడు మాత్ర వేసుకునేవారు: మన సంఘాల్లో ఎందరో సహోదరీలు ఉదయం లేవగానే థైరాయిడు మాత్ర వేసుకుంటారు. దాని వెంటనే నానబెట్టిన అక్రోట్లు తింటున్నవారు కూడా ఉన్నారు. అక్రోటు ఆ మాత్రను పేగుల్లో సరిగా ఇంకనివ్వకుండా చేయవచ్చు. మాత్ర రోజూ వేసుకుంటున్నా రిపోర్టు సరిగా రావడం లేదంటే ఇది కూడా ఒక కారణం కావచ్చు. మాత్ర పరగడుపున మంచినీళ్లతోనే వేసుకోండి. కాఫీకైనా, టిఫినుకైనా కనీసం అరగంట నుండి గంట ఆగండి. అక్రోట్లు సాయంత్రానికి మార్చుకోండి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు: గింజపప్పుల్లో పొటాషియం, భాస్వరం ఉంటాయి. డయాలసిస్ చేయించుకునేవారు, క్రియాటినిన్ పెరిగినవారు డాక్టరుగారిని అడగకుండా తినకూడదు.

పడనివారు: తిన్న కొద్దిసేపటికి పెదవులు వాచడం, దద్దుర్లు, గొంతు బిగిసినట్లుండటం, ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి రండి. మళ్లీ ఎప్పుడూ ఆ పప్పు ముట్టకండి.

కొనలేకపోతే?

అక్రోటు ధర పల్లీల ధరకు ఎన్నో రెట్లు. ఒక కుటుంబంలో తండ్రికి పక్షవాతం వచ్చింది. ఇంటి ఖర్చులకే కష్టంగా ఉన్నా, ఆయన భార్య అప్పు చేసి అక్రోట్లు కొంటున్నారని మాకు తెలిసింది. "అమ్మా, ఇవి లేకపోతే ఆయన కోలుకోరని ఎవరు చెప్పారు?" అని అడిగితే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాము.

అక్రోటులో ఉన్న ఒమేగా-3 అవిసె గింజల్లో ఇంకా ఎక్కువగా ఉంది. కొద్దిగా వేయించి, పొడి చేసి, రోజుకు ఒక పెద్ద చెంచా (సుమారు 7 గ్రాములు) అన్నంలోనో మజ్జిగలోనో కలుపుకుంటే ఒకటిన్నర గ్రాములు వస్తుంది. గింజ అలాగే మింగితే అరగకుండా బయటకు పోతుంది, పొడి చేయడం ముఖ్యం. మాంసకృత్తుల కోసమైతే గుప్పెడు పల్లీలు అక్రోటు కన్నా మిన్న. 30 గ్రాముల పల్లీల్లో ఏడు గ్రాములకు పైగా ఉంటాయి. చేపలు తినేవారు వారానికి రెండుసార్లు కవళ్లు, కానాగంతలు వంటి సముద్రపు చేపలు పులుసు పెట్టుకుంటే, శరీరం నేరుగా వాడుకునే ఒమేగా-3 దొరుకుతుంది. అక్రోటు, అవిసెల్లోని రకాన్ని మన శరీరం కొద్దిపాటిగానే అలా మార్చుకోగలదు. వీటిలో ఏదీ అప్పు చేసి కొనవలసినది కాదు.

రోగిని చూడడానికి వెళ్లేవారు డబ్బాలు తీసుకెళ్లాలని మొహమాటపడవద్దు. ఆ డబ్బుతో పది రోజుల మాత్రలు కొనిపెడితే అంతకన్నా గొప్ప కానుక లేదు.

గుర్తుంచుకోండి

1. రోజుకు 6 నుండి 8 బద్దలు చాలు. నూనె పలహారాలకు బదులుగా తినండి, అదనంగా కాదు.
2. బి.పి., షుగరు, కొలెస్ట్రాల్, గుండె మాత్రలు డాక్టరుగారు చెప్పకుండా ఒక్కరోజు కూడా మానవద్దు.
3. థైరాయిడు మాత్రకు, అక్రోటుకు మధ్య చాలా గంటల ఎడం ఉండాలి.
4. ఐదేళ్లలోపు పిల్లలకు పొడిగానే పెట్టండి.
5. ముక్కిన వాసన వస్తే పారేయండి.
6. అవిసె గింజలు, పల్లీలు, చేపలు మన ఊళ్లో దొరికే మంచి ఆహారమే.

ఈసారి పరీక్షకు వచ్చేటప్పుడు మీ మాత్రల సంచితోపాటు, ఇంట్లో మంచిదని అదనంగా తీసుకుంటున్న పొడులు, కషాయాలు, గింజలు ఏమున్నాయో ఒక కాగితం మీద రాసుకొని రండి. మాకు చూపించడానికి సిగ్గుపడవద్దు. ఏది కొనసాగించాలో, ఏది ఏ వేళకు మార్చాలో మేము కూర్చొని చెబుతాము. భూమి ఫలములను, వైద్య జ్ఞానమును కూడా మనకు అనుగ్రహించిన దేవుడు మీ ఇంటివారందరికీ మంచి ఆరోగ్యమును దయచేయును గాక.